ఏడు సెకన్లకో అడుగు

మా నాయన ముప్పై మూడేళ్లు ఒకే మాట అరిచి జీతం తీసుకున్నాడు. "జరుగుండ్రి, లోపలికి జరుగుండ్రి." కండక్టరు బాలనర్సయ్య అంటే ఎవరికీ తెలియకపోవచ్చు గానీ, ఆ గొంతు వింటే మౌలాలి నుంచి సనత్‌నగర్ దాకా ప్రతి స్టాపులోనూ గుర్తుపట్టేవాళ్లు. నేను బడికి ఆయన బస్సులోనే వెళ్లేదాన్ని. స్నేహితురాళ్లు వెనక సీట్లో కూర్చుని ఆయన అరుపును అనుకరిస్తుంటే, నేను కిటికీ వైపు ముఖం తిప్పుకుని ఆయనెవరో తెలియనట్టు కూర్చునేదాన్ని. అప్పుడు సిగ్గుపడ్డానని ఇప్పుడు చెప్పుకోవడానికీ సిగ్గుగానే ఉంది.

పెద్దయ్యాక నేను చేసిన పని, నిజం చెప్పాలంటే, ఆ అరుపును మాన్పించే పనే. ఎవరూ అరవకుండా, ఎవరినీ నెట్టకుండా, మనుషుల్ని వాళ్లకే తెలియకుండా లోపలికి జరిపే నేలను తయారుచేశాం. అది పనిచేసింది. అక్కడే వచ్చింది చిక్కు.

రింగు రైలు మా నగరం చుట్టూ తిరిగే లోకల్ బండి. ముప్పై ఒక్క స్టేషన్లు, తలుపులు మూసుకోని పాత పెట్టెలు. పొద్దున ఎనిమిది గంటల బండిని బయట నుంచి చూస్తే చీమ దూరే సందు లేదనిపిస్తుంది. అది అబద్ధం. సందు లేనిది తలుపుల దగ్గరే. రెండు తలుపుల మధ్య పదిమంది హాయిగా నిలబడేంత చోటు ఎప్పుడూ మిగిలే ఉంటుంది. దిగాల్సిన చోట దిగలేమేమోనన్న భయంతో ఎక్కినవాడు ఎక్కినచోటే పాతుకుపోతాడు. వాణ్ణి తోసుకుంటూ ఇంకొకడు, వాడి వెనక 'తా దూర కంత లేదు, మెడకో డోలు' అన్నట్టు రెండు సంచులతో మరొకడు. ఇరవై ఐదు సెకన్లు ఆగాల్సిన బండి యాభై ఎనిమిది సెకన్లు ఆగుతుంది. ముప్పై ఒక్క చోట్ల అలా ఆగేసరికి పావుగంట పైనే ఆలస్యం, ఆ పావుగంటలో ప్లాట్‌ఫారాల మీద ఇంకో బండెడు జనం. నేను ప్రయోగశాలలో చేరిన ఏడాది తలుపుల దగ్గర వేలాడుతూ ఏడుగురు పడి చనిపోయారు.

ప్రయోగశాల అంటే గొప్పగా ఊహించుకోకండి. నాచారంలో మూతపడ్డ బిస్కెట్ల గోడౌనులో రెండు గదులు. దానికి పెద్ద త్రివిక్రమరావు గారు, కాకినాడ మనిషి. మనిషి తూలిపోకుండా ఎలా నిలబడతాడన్న దాని మీద ముప్పై ఏళ్లు పనిచేసిన ఆయన. నేను చేరిన రోజున చేతికి టీ గ్లాసు ఇచ్చి, నల్లటి రబ్బరు పలకల మీద నిలబెట్టి, మా వాళ్ల సంగతులన్నీ అడిగారు.

టీ అయిపోయాక, "ఎంతదూరం నడిచావో చూసుకో అమ్మా" అన్నారు.

"నేను కదల్లేదు సార్."

ఆయన నేల వైపు చూపించారు. మొదట నేను నిలబడ్డ చోట సుద్దముక్కతో గీసిన గీత నాకు నాలుగడుగులు వెనక ఉంది.

"ఆగున్న రైల్లో కూర్చున్నప్పుడు పక్క బండి కదిలితే మన బండే కదిలిందనుకుంటాం కదా. కళ్లు చేసే ఆ పొరపాటునే కాళ్ల చేత చేయిస్తున్నాం" అన్నారాయన.

పలకల అడుగున సన్నటి పట్టీలు ఏడు సెకన్లకోసారి అలలాగా వణుకుతాయి. ఆ వణుకు మనసుకు తెలియదు, అరికాలికి తెలుస్తుంది. ఒళ్లు ముందుకు ఒరిగిందనుకుని, పడిపోకుండా ఒక అడుగు వేస్తుంది. మనిషి కబుర్లాడుతూనే ఉంటాడు, ఫోను చూసుకుంటూనే ఉంటాడు. అడుగు మాత్రం మేం చెప్పిన వైపు పడుతుంది. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అంతకంటే ఎక్కువగా సంతోషం వేసింది. అరుపు అక్కర్లేని కండక్టరు దొరికాడనుకున్నాను.

మన అలవాటు ప్రకారం ప్రయోగశాలలో అందరం చెప్పులు గుమ్మం బయటే విడిచేవాళ్లం. విడవమని ఎవరూ చెప్పలేదు. నూట నలభై మందిని పిలిపించి పరీక్షలు చేశాం. వాళ్లూ గుమ్మం దగ్గర చెప్పుల కుప్ప చూసి తమవీ అక్కడే విడిచి లోపలికొచ్చారు. అందరూ చక్కగా కదిలారు. తీరా మౌలాలి స్టేషనులో పలకలు పరిస్తే ఒక్క మనిషి కూడా కదల్లేదు. వారం రోజులు తలలు పట్టుకున్నాం. చివరికి సంగతి తేల్చింది మా నాయన. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తింటూ నా గోడు వెళ్లబోసుకుంటే అంతా విని అడిగాడు.

"మీ కాడ అందరు ఉత్త కాళ్లతోనే నిలబడ్డరా?"

"అవును."

ఆయన నవ్వాడు. "బండెక్కెటోడు ఎవడన్న చెప్పులు ఇడిసి ఎక్కుతడా బిడ్డా?"

అమ్మ కూడా నవ్వింది. మర్నాడు ఈ మాట చెబితే త్రివిక్రమరావు గారు నుదురు కొట్టుకుని "వడ్లగింజలో బియ్యపుగింజ" అన్నారు. చెప్పుల మందాన్ని దాటి వణుకు అరికాలికి చేరాలంటే ఎనిమిదింతలు పెంచాలని తేలింది. పెంచాం. రెండో ఆలోచన నాకు రాలేదు, ఆయనకు రాలేదు, ఆ మాట అన్న నాయనకూ రాలేదు. మా ఇంట్లో పదకొండుసార్లు అయ్యప్ప మాల వేసుకున్న మనిషి ఉన్నాడు. ఏటా కార్తీకంలో ఆయన చెప్పులజత నలభై ఒక్క రోజులు మా గుమ్మం పక్కన దుమ్ము పట్టి ఉంటుంది. రోజూ దాన్ని దాటుకునే నేను పనికి పోతాను. అయినా రాలేదు.

శ్రావణమాసంలో అన్ని స్టేషన్లలో, అన్ని పెట్టెల్లో పలకలు పరిచారు. మొదటిరోజు ఎనిమిదింబావు బండిలో నాయన ఎక్కుతానన్నాడు. నేను ప్లాట్‌ఫారం మీద గడియారం పట్టుకుని నిలబడ్డాను. బండి ఆగింది. తలుపుల దగ్గరున్న వాళ్లు మాటల్లోనే ఒక అడుగు లోపలికి వేశారు. ఏడు సెకన్లకు ఇంకో అడుగు. బయటున్నవాళ్లు ఒక్క తలుపు మీదే పడకుండా బారులు బారులుగా విడిపోయి ఎక్కారు. ఇరవై నాలుగు సెకన్లు. నేను లెక్క తప్పానేమోనని రెండోసారి చూసుకున్నాను.

తిరుగు బండిలో దిగి నాయన నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు.

"నువ్వు రెండో తరగతిల ఉన్నప్పుడు నేను పది దినాలు డ్యూటీకి పోలే. యాదికున్నదా?"

"జరమొచ్చిందని చెప్పింది అమ్మ."

"జరం గాదు. ఫుట్‌బోర్డు మీదికెళ్లి ఒకాయన పడ్డడు. చేతిల టిఫిను డబ్బా ఉండె. దాని మూత రోడ్డు మీద గిరగిర తిరుక్కుంట పోయింది, అదే నా కండ్లల్ల ఉన్నది. బస్సు నడిమిట్ల పదిమంది పట్టే జాగ ఉండెనమ్మా. గొంతు నొస్తున్నదని ఆ ఒక్క స్టాపు కాడ నేను అరవలే."

నాకు నలభై రెండేళ్లు వచ్చాయి. ఆ మాట అంతవరకూ వినలేదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. మర్నాడే రైలు సంస్థవాళ్లతో మాట్లాడి ఆయనకు ఏడాది పాసు ఇప్పించాను. రింగంతా ఎన్నిసార్లయినా తిరగవచ్చు. ఆ పాసు నా చేత్తో ఇచ్చాను, అది మరిచిపోను.

ఆయన ఉద్యోగానికి పోయినట్టే పోయేవాడు. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు. జనం లోపలికి జరగడం చూడటమే పని. "ఇయ్యాల ఒక్కడు గూడ డోరు పట్టుకొని ఏలాడలే" అని ఇంటికొచ్చి అమ్మకు చెప్పేవాడు. నాకు బిరుదులిచ్చినా అంత గర్వం కలిగేది కాదు. కార్తీకం వచ్చింది. నాయన పన్నెండోసారి మాల వేసుకున్నాడు. ఆ రోజు నుంచి మేం ఆయన్ని స్వామీ అనాలి, ఆయన నన్ను, అమ్మను మాతా అంటాడు. చెప్పులు గుమ్మం పక్కకు చేరాయి. పాసు జేబులోనే ఉంది.

ముందు కనిపెట్టింది అమ్మే. ఆమె పేరు భూలక్ష్మి, మాట సూటిగా కొడుతుంది.

"స్వామి కూసొని బువ్వ తిని ఎన్ని దినాలైందో చూసినవా? కాలుగాలిన పిల్లి లెక్క ఇల్లంత తిరుగుతున్నడు. ముద్ద నోట్లె పెట్టుకుంటడు, అటు పోతడు, ఇటొస్తడు."

"దీక్షలో హుషారు వస్తుందిలే అమ్మా" అన్నాను. నేనప్పుడు బండ్ల రాకపోకల పట్టికలు ముందేసుకుని ఉన్నాను. బండి ఆగే సగటు ఇరవై నాలుగు సెకన్ల నుంచి ఇరవై మూడుకు దిగిందన్న సంబరంలో ఉన్నాను. ఆ వారమంతా నాయన పీట మీద కూర్చోలేకపోవడం నేనూ చూశాను. చూసి చూడనట్టు ఊరుకున్నాను. చిన్నప్పుడు కిటికీ వైపు తిప్పుకున్న ముఖమే ఇది.

దీక్షలో ఇరవై మూడో రోజున మా కాలనీలో సత్తయ్య గురుస్వామి ఇంట్లో పడిపూజ పెట్టుకున్నారు. పద్దెనిమిది మెట్లకు బంతిపూలు, మెట్టు మెట్టుకూ కర్పూరం. మెట్ల ముందు పదిహేనుమంది స్వాములు నల్లబట్టల్లో రెండు వరసలుగా నిలబడి శరణుఘోష చెబుతున్నారు. మేం ఆడవాళ్లం పక్కన నిలబడ్డాం. నాయన ముందు వరసలో ఉన్నాడు. పాట మొదలైన కాసేపటికి గురుస్వామి అన్నాడు.

"స్వామీ, కొద్దిగ వెనుకకు జరుగుండ్రి, కర్పూరం ఉన్నది."

వాళ్లు జరిగారు. రెండు నిమిషాలు కాలేదు, మళ్లీ మెట్ల దగ్గరికి వచ్చేశారు. ఈసారి నేను కళ్లు వాళ్ల కాళ్ల మీద పెట్టాను. పన్నెండుమంది ఒక్కసారిగా అర అడుగు ముందుకు వేశారు. నోళ్లు పాడుతూనే ఉన్నాయి, కళ్లు దీపం మీదే ఉన్నాయి. వాచీ చూసుకున్నాను. ఏడు. మళ్లీ వేశారు. మళ్లీ ఏడు. కదలని ముగ్గురిలో ఒకరు రోజూ స్కూటరు మీద తిరిగే గురుస్వామి, మిగతా ఇద్దరు కాలనీలోనే కిరాణా కొట్టు నడిపే అన్నదమ్ములు. కదిలేవాళ్లంతా రింగు రైల్లో పనులకు పోయివచ్చేవాళ్లు.

అక్కడ చెప్పుల్లేని కాళ్లను చూస్తుంటే "బండెక్కెటోడు ఎవడన్న చెప్పులు ఇడిసి ఎక్కుతడా" అన్న నవ్వు చెవిలో వినిపించింది. ఎనిమిదింతల వణుకు, మధ్యలో రబ్బరు లేకుండా, రోజుకు గంట చొప్పున వాళ్లకు. మా నాయనకు ఆరు గంటల చొప్పున.

మర్నాడు త్రివిక్రమరావు గారు అంతా విన్నారు. చెప్పులున్నవాళ్లకు బండి దిగిన పది నిమిషాల్లో ఆ ప్రభావం పోతుందని మా పరీక్షల్లో తేలింది. ఉత్త కాళ్ల మీద ఇంత వణుకు రోజూ పడితే ఏమవుతుందో మేం చూడనే లేదు. అరికాలు అలవాటు నేర్చుకుంది. ఇప్పుడు పలక అక్కర్లేదు, దానంతట అదే అడుగు వేస్తుంది.

"పాదరక్షలు లేనివాళ్లు ఎక్కకూడదని బోర్డు పెట్టిస్తే సరిపోదా?" అన్నారాయన.

"కార్తీకంలోనా సార్?"

నేను ప్లాట్‌ఫారం కెమెరా దృశ్యాలు తెరిచాను. దీక్షలో ఉన్నవాళ్లే కారు. కూరగాయల గంపతో ఎక్కే ఆమె, సిమెంటు పనికి పోయే ఆలుమగలు, గుడ్డసంచీ భుజానేసుకున్న ముసలాయన. ఏడాది పొడుగునా చెప్పుల్లేనివాళ్లు. ఒక్క ఉదయంలో రెండు వందల పైన లెక్కపెట్టాను. మేం లక్షల అడుగులు కొలిచాం, ఈ కాళ్లు మాకు ఒక్కసారీ కనబడలేదు.

"నెలాఖరులో సంస్థ సమావేశం ఉంది. అందులో పెడతాను. అప్పటిదాకా ఆగమ్మా" అన్నారాయన. గొంతు తగ్గించి మళ్లీ అన్నారు. "ఏడుగురమ్మా శోభా. ఈ మూణ్ణెల్లలో సున్నా. పలక ఆపేస్తే రేపెవరన్నా పడితే ఎవరు జవాబు చెబుతారు?"

తెరిచిన దృశ్యాలు అలాగే వదిలేసి ఇంటికి బయల్దేరాను. ఆ ప్రశ్న ఇప్పటికీ నా వెంటే ఉంది.

నాయన్ని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బల్ల మీద పడుకోబెడితే కాళ్లు గాలిలో అడుగు వేశాయి. పలకలకు దూరంగా ఉంచితే మరిచిపోవచ్చు, మరిచిపోకపోవచ్చు, వయసు కూడా ఉంది కదా అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చాక నాయన హాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే నేనూ వెంట తిరుగుతూనే అడిగాను.

"రైలెక్కడం మానెయ్ స్వామీ. లేకుంటే చెప్పులన్నా వేసుకో."

"మాల మీదుండి చెప్పులేసుకుంటనా? గదేం మాట మాతా."

"అయితే నేను పలకలు ఆపేస్తాను."

ఆయన నా వైపు తిరిగాడు. అంత కోపం ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

"ఆపకు. నా కాళ్లు పోతే పోనియ్యి, అరవై ఏడేండ్లు నడిచినయి. ఎవరన్న డోరు కాడికెళ్లి పడితే మల్ల ఆ డబ్బ మూత నేను చూడాలెనా?"

"మరి ఆ రెండు వందలమంది కాళ్లు?"

ఆయన ఒక అడుగు వేశాడు. ఏడు సెకన్లయింది.

ఇరవై ఆరో రోజు పదకొండు గంటలకు నేను కంట్రోలు గదికి వెళ్లాను. పలకల బలాన్ని ఎక్కించడం, దించడం నా చేతి కింద పనే, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముప్పై ఒక్క స్టేషన్లు, పద్దెనిమిది బండ్లు. ఒక్కొక్కటే సున్నాకు దించాను. కారణం రాసి, పేరు రాసి, సంతకం పెట్టాను. మంచిపని చేశానన్న ధైర్యం ఏ మూలా కలగలేదు. ఒక గోతిలోంచి లేచి ఇంకో గోతిలో కాలు పెడుతున్నట్టే ఉంది.

మర్నాడు పొద్దున బండ్లు మళ్లీ యాభై ఎనిమిది సెకన్లకు వచ్చేశాయి. మూణ్ణెల్లు సుఖపడిన జనం ఇంకా ఎక్కువ విసుక్కున్నారు. ఫోను మోగినప్పుడల్లా ఎవరో పడ్డారన్న వార్తేననుకునేదాన్ని. నాయన నాతో మాట్లాడటం మానేశాడు. తెల్లారగట్ల చన్నీళ్ల స్నానం, పూజ, ఏడింటికల్లా బయటికి. ఎక్కడికని అమ్మ అడిగితే "నడిస్తే మంచిగుంటది" అన్నాడట. గుడి చుట్టూ తిరుగుతున్నాడనుకున్నాం.

మూడో రోజు పట్టికలో ఒక వింత కనబడింది. అన్ని బండ్లూ యాభై ఐదు, అరవై చూపిస్తున్నాయి. మౌలాలికి ఎనిమిదీ పన్నెండుకు వచ్చే బండి మాత్రం ముప్పై ఒకటి. ముందు రోజు చూశాను, ముప్పై నాలుగు. ఆ బండిలో పలకలు నేను సరిగా ఆపలేదేమోననుకున్నాను. మీటలు చూశాను. సున్నాలోనే ఉన్నాయి.

నాలుగో రోజు ఆ బండికోసం మౌలాలి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ లైను మీద నాలుగేళ్లు పనిచేశాను గానీ, ఎనిమిది గంటల బండి నేనెప్పుడూ ఎక్కలేదు. మాకు ప్రయోగశాల వ్యాను ఉండేది. బండి వచ్చింది. వెనక నుంచి జనం నన్ను ఎత్తి లోపల పడేశారు. ఒక కాలు మాత్రమే నేలకు ఆనింది. తలుపు పక్కనున్న ఇనుప కడ్డీ దొరికితే రెండు చేతులా పట్టుకున్నాను. బండి కదిలింది, గాలి ముఖాన కొట్టింది. ఇంకో రెండడుగులు లోపలికి వేస్తే సుఖంగా ఉంటుందని నాకు తెలుసు. ఎంత చోటుందో బొమ్మ గీసి చూపించగలను. కానీ ఆ కడ్డీ వదలబుద్ధి కాలేదు. తర్వాతి స్టేషనులో దిగలేనేమోనని భయం వేసింది. దిగాల్సిన పనే లేదు నాకు.

అప్పుడు పెట్టె అవతలి చివర నుంచి ఎవరో అన్నారు. "స్వామి వస్తున్నడు, జర తొవ్వ ఇయ్యుండ్రి."

జనం మధ్య నల్లచొక్కా కనబడింది. నాయన వస్తున్నాడు. ఏడు సెకన్లకో అడుగు. ఆ అడుగును ఆయన ఊరికే పోనివ్వడం లేదు. వేసిన ప్రతి అడుగు దగ్గరా ఎవరో ఒకరి భుజం మీద చెయ్యి వేసి, నడుము దగ్గర మెల్లగా తట్టి, ఏదో చెబుతున్నాడు. చెప్పినవాళ్లు జరుగుతున్నారు. మాలకున్న మర్యాదకో, ఆ ముసలితనానికో, విసుక్కునేవాళ్లు కూడా ఒక అడుగు లోపలికి వేస్తున్నారు. ఆయన వెనక జనం సర్దుకుని నిలబడుతున్నారు. ఆ బండి నాలుగు పెట్టెల్లోనూ పొద్దున్నుంచి ఇలా తిరుగుతున్నాడని పక్కనున్న ఆమె చెప్పింది. "పాపం, కాళ్లు ఆగయంట స్వామికి. ఎవలో మిషను పెట్టి పాడు చేసిన్రంట" అంది.

నేను ఆ కడ్డీని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

ఆయన నా దగ్గరికి వచ్చాడు. చూశాడు. కోపం లేదు ముఖంలో. బాగా అలిసిపోయి ఉన్నాడు, అరికాళ్ల అంచులు పగిలి ఉన్నాయి. పెదాలు కదిలాయి గానీ మాట వినబడలేదు. వంగి చెవి దగ్గర పెట్టాను. మూడు రోజుల నుంచి అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. గాలి మాత్రమే వస్తోంది.

"నడిమిట్ల జాగ ఉన్నది చూడు. ఎంతమంది పడుతరు?"

తలలు దాటి చూశాను. రెండు తలుపుల మధ్య, ఎప్పటిలాగే, ఖాళీ.

"పదిమంది" అన్నాను.

"మరి చెప్పు. నాకు గొంతు లేదు."

తలుపు అంచున ఒకాయన ఒంటి కాలి మీద నిలబడి ఉన్నాడు. భుజానికి సంచీ, అందులో టిఫిను డబ్బా ఆకారం. బండి నాచారం మలుపు తిరుగుతోంది. అక్కడ పెట్టె బయటికి ఒరుగుతుందని నాకు తెలుసు, కొలిచింది నేనే. నేను నోరు తెరిచాను. మొదటిసారి మాట పెదాల దగ్గరే ఆగింది. ఇంతమంది ముందు నేనెప్పుడూ అరవలేదు. రెండోసారి వచ్చింది.

"లోపలికి జరుగుండ్రి."

ఎవరూ తల తిప్పలేదు. నాయన నా చెయ్యి పట్టుకుని కడ్డీ మీద నుంచి మెల్లగా విడిపించాడు. అప్పుడు తట్టింది. ముందు నేను జరగాలి. జరిగాను. రెండడుగులు లోపలికి వేసి, మళ్లీ అరిచాను. ఈసారి గొంతు చించుకుని అరిచాను. "జరుగుండ్రి, లోపలికి జరుగుండ్రి." అచ్చం ఆయనలాగే వచ్చింది. పక్కనున్న కాలేజీ అమ్మాయిలిద్దరు నవ్వారు. నవ్వుతూనే జరిగారు. వాళ్ల వెనక ఇంకో ఇద్దరు. ఒంటి కాలి మీదున్న ఆయన రెండో కాలు లోపల పెట్టి, సంచీ ముందుకు తిప్పుకుని, నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. బండి మలుపు తిరిగింది.

నాయన పాదాలు చూశాను. ఏడు సెకన్లయింది, కదిలాయి. అవి ఆగుతాయో లేదో నాకు తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఏడుపు వచ్చింది. ఏడవడానికి కూడా అక్కడ చోటు లేదు. ఆయన అవతలి తలుపు వైపు తిరిగి, నన్ను దగ్గరికి రమ్మని వేలితో పిలిచాడు. మాల వేసిన ఇరవై తొమ్మిది రోజులుగా నన్ను మాతా అనే పిలుస్తున్న మనిషి, చెవిలో నోరు పెట్టి ఆ లేని గొంతుతోనే అన్నాడు.

"అటు దిక్కోళ్లకు వినపడలే బిడ్డా. మల్ల చెప్పు."